నెగెటివ్ అంచున గంటు

కౌంటర్ మీద పెట్టిన కెమెరాని ఆవిడ వెంటనే వదల్లేదు.

"అమ్మడానికేనా అమ్మా?" అన్నాడు కొట్టు యజమాని.

"ముందు చూడు బాబూ," అంటూ చెయ్యి తీసింది.

పాత రోల్ ఫిల్మ్ కెమెరా. ఒకదాని కింద ఒకటి, కళ్లలా రెండు లెన్సులు. అంచుల్లో తోలు లేచిపోయింది. అతడు వెనక మూత తెరిచి, ఫిల్మ్ ఆనే చట్రం మీద భూతద్దం పెట్టాడు.

కింది అంచున చిన్న గంటు.

భూతద్దం ఇంకా దగ్గరగా పెట్టాడు. ఇన్నాళ్లుగా వెతుకుతున్నది ఆ గంటునే.

గోడ మీద నాన్న తీసిన ఫొటో ఉంది. వరదలో మునిగిన ఇంటి కప్పు మీద నిద్రపోతున్న పిల్ల, కింది మూల ఫొటో తీసిన పడవ అంచు. నాన్న పేరు నలుగురి నోళ్లలో పడింది ఆ ఒక్క ఫొటోతోనే. ఎవరైనా దాన్ని మెచ్చుకుంటే మాత్రం ఆయన లేచి లోపలికి వెళ్లిపోయేవాడు. పొగడ్తలు గిట్టని మనిషని ఇంట్లో అందరూ చెప్పుకునేవారు.

ఆయన పోయాక, పాత కెమెరాలు పోగేసే పెద్దమనిషి ఒకాయన వచ్చాడు.

"ఆ ఫొటో తీసిన కెమెరా అయితే మామూలు ధరకి పదింతలిస్తాను. రుజువు కావాలి. చట్రం అంచు ఎలా ఉంటే నెగెటివ్ అంచు అలా పడుతుంది," అన్నాడు.

ఆ ఫొటో నెగెటివ్ అంచున గంటుంది. ఇంట్లో ఉన్న నాన్న కెమెరా చట్రం నున్నగా ఉంది. అంటే రెండో కెమెరా ఉండేదన్నమాట. అది దొరికితే కొట్టు నిలబడుతుంది. లేకపోతే మూతే.

"లెన్సుకి బూజు పట్టిందమ్మా," అన్నాడు మొహం చిట్లించి. "షట్టర్ కూడా ముసలిదైపోయింది."

"నాలాగే."

"విడిభాగాలకి తప్ప పనికిరాదు. పెద్దవారని ఏదో ఇస్తాను."

"నీకు తోచింది ఇవ్వు."

ఆవిడ చూపు గోడ మీదికి పోయింది.

"ప్రింట్ మరీ నల్లగా వేశారు. ఆ రోజు నీళ్లు ఇంత నల్లగా లేవు."

"మీరూ ఆ వరదలో ఉన్నారా? ఇది మా నాన్నగారు తీసిందే."

ఆవిడ ఫొటోకి దగ్గరగా జరిగింది.

"దీని గురించి ఆయన ఎప్పుడన్నా ఏమన్నా చెప్పేవాడా?"

"ఒక్క ముక్క చెబితే ఒట్టు. అంత గుట్టు మనిషి."

"పాపం," అంది.

ఆ మాట అతడికి నచ్చలేదు. గబగబా డబ్బు తీసి చేతిలో పెట్టాడు.

"రసీదు రాసుకోవా? నా పేరు..."

"పేరెందుకులెండి, ఈమాత్రం దానికి," అంటూ చెయ్యి అడ్డం పెట్టాడు. నాన్నకీ కెమెరాకీ మధ్య ఇంకో పేరు దూరితే ధర పడిపోతుంది.

ఆవిడ అతడి మొహంలో ఎవరినో వెతుకుతున్నట్టు చూసింది.

"సరే బాబూ," అని మెట్లు దిగింది.

మర్నాడు పెద్దమనిషి నెగెటివ్ గంటు పక్కన చట్రం గంటు పెట్టి చూశాడు. అచ్చు గుద్దినట్టు సరిపోయింది.

"పత్రం రాసేద్దాం. దీంతో మీ నాన్న తీసినవి ఇంకేమైనా ఉంటే చూపించండి, అవీ చేరుద్దాం."

అతడు హుషారుగా నెగెటివ్‌ల డబ్బాలన్నీ దించాడు. పెద్దమనిషి ఒక్కొక్కటీ వెలుతురుకెత్తి చూశాడు. చూసినవే మళ్లీ తీసి చూశాడు.

"ఒక్కదానికీ గంటు లేదండీ. అన్నీ మీ ఇంట్లో ఉన్న కెమెరావే."

"వరద రోజువి చూడండి."

"అవే చూస్తున్నా. అదే పడవ, అవే నీళ్లు. ఇవీ నున్నగానే ఉన్నాయి." పెద్దమనిషి కళ్లజోడు తీశాడు. "ఆ పడవలో మీ నాన్న ఒక్కరే లేరు. ఇంతకీ ఈ కెమెరా ఎవరమ్మారు?"

"ఎవరో పెద్దావిడ."

"పేరు?"

అతడు వీధి వైపు చూశాడు.

ఆ ఫొటో తీసిన మనిషి నిన్న ఇక్కడే నిలబడి తన పేరు చెప్పబోతే, వద్దన్నది తనే.