గదికి గోత్రం

హైదరాబాదు చూద్దామని పిల్లలతో డోన్ నుంచి వచ్చాం. లాడ్జీల రేట్లు వింటే కళ్లు తిరిగాయి. మా కులంవాళ్ల సత్రానికి పోతే నిండిపోయిందన్నారు. పక్క వీధిలో ఇంకో సత్రం ఉందంటే, మండుటెండలో బ్యాగులు మోసుకుంటూ వెళ్లాం.

"గదులున్నాయి. ఇంటిపేరు, గోత్రం చెప్పండి," అన్నాడు మేనేజరు.

మా ఆయన తిరుమలయ్య రెండూ చెప్పాడు. మేనేజరు తల అడ్డంగా ఊపాడు.

"మా కులంవాళ్లకే ఇస్తామండీ."

మా ఆయన బల్ల గుద్దాడు. "గది అడిగితే గోత్రమెందుకప్పా? దుడ్లు ఇస్తామంటాండాం కదా! పిల్లోళ్లు ఎండకు వాడిపోయినారు, కండ్లు కనపడల్లేదా? మనుషులేనా మీరు?"

జనం గుమిగూడారు. నాకూ ఒళ్లు మండిపోతోంది. అయినా నోరు తెరవకుండా చిన్నదాన్ని చంకనేసుకుని బయటికి నడిచాను.

ఆయన నా వెంటపడ్డాడు. "ఆడ నేనొక్కడినే అరుస్తాంటే, నువ్వొక మాటన్నా అనకూడదా?"

"అనింటి," అన్నాను. "డోన్‌లో మన సత్రానికి ప్రెసిడెంటువి నువ్వే కదా. పోయిన ఎండాకాలం ఆ బాలింతను గోత్రం అడిగి ఎండలోకి పంపించినావే, ఆ పొద్దే అనింటి. ఇన్నావా?"