ఎవరి దగ్గరమ్మా నీ పని?

"ఇంటికా? ఎవర్నడిగి?" అన్నాడు బోలోత్ సుల్తానోవిచ్.

ఓష్ పట్నంలోని ఆ ఆసుపత్రిలో ఎమర్జెన్సీ విభాగానికి ఆయనే పెద్ద. ఎదురుగా నిలబడ్డది శిక్షణలో ఉన్న డాక్టరు బెగిమై. నిన్న పొద్దున డ్యూటీకెక్కింది. ఇవాళ మధ్యాహ్నం దాటినా దిగలేదు. తన వంతు ఎప్పుడో అయిపోయిందనీ, తర్వాతి వాళ్ళు వచ్చేశారనీ మాస్కులోంచి మెల్లిగా చెప్పుకుంది.

ఆయన తలెత్తలేదు. చేతిలోని ఎక్స్‌రే చూస్తూనే, మంచాల మీదున్న రోగులందరికీ వినబడేలా వాయించాడు. తమ రోజుల్లో నిలబడే నిద్రపోయేవాళ్ళట. ఇప్పటి పిల్లలకి ఒళ్ళు వంగదట. ఇంత సుకుమారమైతే బజార్లో మాంసం కూరిన సంసాలు అమ్ముకుంటే సరిపోతుందట. అంతా అయ్యాక, "సరే, ఇంటికెళ్ళి ఏడువు. రేపు తెల్లారకముందే ఇక్కడుండాలి. ఇంతకీ నీ పేరేంటన్నావ్?" అన్నాడు.

మంచు పడే రోజుల నుంచి ఆయన కిందే పనిచేస్తోంది బెగిమై. పేరు చెప్పింది. ఆయన అప్పటికే పక్క మంచం దగ్గరికి వెళ్ళిపోయాడు.

టోపీ, మాస్కు తీసి బుట్టలో పడేసి బయటికొచ్చింది. ఏడుపు రాలేదు. ఏడవడానికైనా ఓపికుండాలి కదా. గేటు ముందు బస్సుల దగ్గర నిలబడి, రేపు రాకూడదనుకుంది. ఎల్లుండి కూడా రాకూడదనుకుంది. ఈ చదువు నాకు రాసిపెట్టి లేదని అమ్మకి ఎలా చెప్పాలా అని మాటలు కూడబలుక్కుంటుండగా వ్యాను వచ్చింది. ఎక్కబోయి కాలెత్తింది. మెట్టు ఉండాల్సిన చోట లేదు.

వ్యాను డ్రైవరు మామత్ ఆమెని రెండు చేతుల మీదా ఎత్తుకుని, వ్యానునీ అందులోని జనాన్నీ అక్కడే వదిలేసి, అదే విభాగంలోకి పరిగెత్తుకొచ్చాడు. ఎవరో ఆడపిల్ల, నా బండి ముందే పడిపోయిందని కేకేశాడు. నర్సు జుమాగుల్ ముఖం చూడగానే గుర్తుపట్టింది. పేరు పెట్టి పిలవబోయింది. ఈలోగా బోలోత్ సుల్తానోవిచ్ గబగబా అక్కడికొచ్చేసరికి, ఏమనుకుందో ఏమో, తెరిచిన నోరు మూసుకుంది.

రోగి దగ్గర ఆయన వేరే మనిషి. వెన్న. నాడి చూశాడు, బీపీ చూశాడు, తనే దగ్గరుండి సెలైన్ పెట్టించాడు, తలకింద దిండు సర్దాడు. మాస్కూ టోపీ లేని బెగిమైని ఆయన ఎన్నడూ చూడలేదు. ఆ మాటకొస్తే, ఉన్న బెగిమైని కూడా చూడలేదు.

కళ్ళు తెరవగానే ఆ ముఖమే కనబడింది బెగిమైకి. డ్యూటీలో నిద్రపోయానేమోనని లేవబోయింది. ఆయన భుజం పట్టి పడుకోబెట్టాడు. ఏం తిన్నావమ్మా అన్నాడు. నిన్నెప్పుడో టీ, రొట్టెముక్క అంది. ఎప్పుడు నిద్రపోయావంటే ఆలోచించింది గానీ గుర్తు రాలేదు.

"ఎవరి దగ్గరమ్మా నీ పని?"

ఆయన తనని గుర్తుపట్టలేదని బెగిమైకి అప్పుడర్థమైంది. "ఒక పెద్దాయన దగ్గరండీ."

తిడతాడా అని అడిగాడు. తిడతాడంది. నలుగురిలోనా? నలుగురిలోనే. ఒంట్లో బాగోలేదంటే? నాటకమంటాడు. ఒక్కో జవాబుకీ ఆయన ముఖం ఎర్రబడుతోంది. పక్క మంచం మీద కాలికి కట్టుతో ఉన్న ముసలమ్మ ఉండబట్టలేక, వాడెక్కిన గుర్రం కుంటిదైపోను అని శపించింది. బాగా అన్నావమ్మా అన్నాడాయన. జుమాగుల్ మందుల బీరువా వైపు తిరిగి నిలబడింది. ఆమె భుజాలు కదులుతున్నాయి.

"ఆడపిల్లలు లేరా వాడికి?"

"ఇద్దరున్నారండీ."

"నాకూ ఇద్దరే," అని నిట్టూర్చాడాయన. "నా పిల్లల్నెవడైనా ఇలా చేస్తే ఊరుకుంటానా? వారం రోజులు నువ్వు మంచం దిగడానికి వీల్లేదు."

"ఆయన ఒప్పుకోరండీ."

"ఒప్పుకోవడానికి వాడెవడు? డాక్టర్ని నేనా, వాడా? నంబరు చెప్పు. నేనే మాట్లాడతాను."

బెగిమై జుమాగుల్ వైపు చూసింది. జుమాగుల్ ఇటు తిరగలేదు. చెప్తే ఏమవుతుంది? శిక్షణలోంచి తీసేస్తారు. తీసేస్తే తీసేయనీ, రేపటి నుంచి రాననుకుని గేటు దాటిన మనిషే కదా తను. ఎన్నాళ్ళకో లోపల్నుంచి నవ్వు తన్నుకొచ్చింది. దాన్ని పంటికింద నొక్కిపెట్టి, అన్నా, ఒకసారి నీ ఫోనివ్వవా అని, ఇంకా గుమ్మం దగ్గరే తచ్చాడుతున్న మామత్‌ని అడిగింది. తెల్లారుజామున నిద్ర లేపీ లేపీ మనసులో అచ్చుపడిపోయిన ఆ నంబరు తనే నొక్కి, ఆయన చేతికిచ్చింది.

ఆయన ఫోను ఎడమ చెవికి ఆనించి, గొంతు సవరించుకుని, రొమ్ము విరుచుకుని నిలబడ్డాడు. ముసలమ్మ కూడా మోచేతి మీద లేచి కూర్చుంది.

అదే క్షణంలో ఆయన కోటు జేబులో ఫోను మోగింది. సమయం చూసుకుని మరీ చేస్తారని విసుక్కుంటూ తీసి చూశాడు. ఎవరిదో తెలియని నంబరు. కుడిచెవికి పెట్టుకుని కసిరాడు.

"ఎవరయ్యా నువ్వు? తర్వాత చెయ్యి. ఇక్కడ మనుషుల్ని పీల్చి పిప్పిచేసే ఒక దుర్మార్గుడితో మాట్లాడాలి."

ఆ మాటే, ఆ గొంతుతోనే, ఆయన ఎడమ చెవిలో మోగింది.