ముట్టుకుని పో తల్లీ

"ఈ పులియబెట్టిన చేపేంటి, ఇంత కంపు కొడుతోంది?" రిన్యా ఆఫీసు మేనేజర్ లింగ్ తమ ముందు పెట్టిన గిన్నె పక్కకు నెట్టి ముక్కు మూసుకున్నాడు.

"ఏమో సార్, నేనూ ఎప్పుడూ తినలేదు," అంది రిన్యా.

మలేషియాలోని కూచింగ్ సంతలో ఆ అన్నం కొట్టు నడిపే సులావ్, రిన్యాను పెంచిన పిన్ని. ఆ మాట ఆమె చెవిన పడనే పడింది. అయినా కొత్తవాళ్ళకు పెట్టినట్టే ఇద్దరికీ అన్నం, కోడికూర వడ్డించి తన పనిలో పడింది. రిన్యా తలెత్తకుండా తింది.

వాళ్ళు లేచి నాలుగడుగులు వేశారో లేదో, సులావ్ చేపగిన్నెతో వెనకాలే పరుగెత్తుకొచ్చింది.

"తినకపోతే పోనీ, వేలితో ముట్టుకుని నాలిక్కి రాసుకుని పో తల్లీ. పెట్టింది వద్దని పోతే దారిలో పామో మొసలో కాచుకునుంటుందంటారు."

రిన్యా వేలు ముంచి నాలిక్కి రాసుకుంది. అదే చిన్ననాటి పులుపు.

"నేనూ వద్దన్నానుగా! నాకు చెప్పలేదేం?" లింగ్ నవ్వాడు.

"మరిచిపోయాను బాబూ," సులావ్ గబగబా అబద్ధమాడింది.

ఆ అబద్ధం కూడా రిన్యా గుట్టు దాచడానికే. రిన్యా ఆ గిన్నె అందుకుంది.

"మరిచిపోలేదు సార్. మీకోసం భయపడేవాళ్ళు మీ ఇంట్లో ఉంటారు. ఈవిడ మా పిన్ని."