కదలని కంప్యూటర్

"లాప్‌టాప్ వద్దండీ. బల్ల మీద కదలకుండా ఉండేదే చూపించండి," అంది ఆమె.

భర్త ఆశ్చర్యంగా చూశాడు. దారి పొడుగునా అతను మనసులో కూడబలుక్కుంటూ వచ్చిన మాట అదే. లాప్‌టాప్ అయితే సంచిలో వేసుకుని ఎక్కడికైనా పోవచ్చు. ఇదైతే అది ఎక్కడుంటే మనిషీ అక్కడే ఉండాలి. గొడవ లేకుండా తనంతట తనే అనేసరికి అతనికి ప్రాణం లేచొచ్చింది.

ఆమె ఇంట్లో డీటీపీ చేస్తుంది. థీసిస్‌లు, ప్రశ్నపత్రాలు, చిన్నా చితకా పుస్తకాలు. పాత కంప్యూటర్ పేజీకోసారి మొరాయిస్తోంది. కొత్తది ఇంటికీ, ఆ పనికీ రెంటికీ సరిపోవాలి.

షాపతను ర్యామ్ గురించీ హార్డ్‌డిస్క్ గురించీ ఏకరువు పెడుతున్నాడు. ఆమె అడిగేవి వేరు.

"కరెంటు పోతే?"

"ఇంట్లో ఇన్వర్టర్ ఉందన్నారుగా మేడం, దానికే కలుపుతాను. క్షణం కూడా ఆగదు."

"రోజుల తరబడి ఆపకుండా ఉంచితే వేడెక్కదు కదా? పెద్ద పుస్తకం పని ఒకటొచ్చింది."

"నిక్షేపంలా నడుస్తుంది."

ఆమె కీబోర్డులు నొక్కి చూసుకుంటుంటే, భర్త షాపతన్ని పక్కకి పిలిచాడు.

"నేను టూర్లు తిరిగేవాణ్ణి. వేరే ఊళ్ళో ఉన్నా దీంట్లో ఏం జరుగుతోందో నా ఫోన్‌లో కనపడాలి. అలాంటిదేదో ఉంటుందటగా?"

"ఉంది సార్. ఏ ఊళ్ళో ఉన్నా స్క్రీన్ మొత్తం కనపడుతుంది. చూడ్డమే కాదు, అక్కడ కూచునే దీంట్లో పని కూడా చేసుకోవచ్చు."

"పని నాకెందుకయ్యా! చూస్తే చాలు. ఆవిడకి మాత్రం చెప్పకు."

షాపతను బుర్ర గోక్కుని, పాస్‌వర్డ్ ఒక చీటీ మీద రాసిచ్చాడు. భర్త దాన్ని చొక్కా జేబులో దోపుకున్నాడు. మర్నాడు ఆమె ఆ చొక్కా ఉతకబోతూ, రోజూ లాగే జేబులోవన్నీ తీసి అద్దం దగ్గర పెట్టింది. చీటీ ఏమిటని కూడా అడగలేదు. ఉత్త వెర్రిబాగులది అనుకున్నాడు.

అతను మందుల కంపెనీ రెప్రజెంటేటివ్. రెండేళ్ళుగా బయటి ఊళ్ళ టూర్లన్నీ ఏవో సాకులు చెప్పి ఎగ్గొడుతున్నాడు. కారణం ఉంది. రెండేళ్ళ కిందట ఆమె చెప్పాపెట్టకుండా అక్క దగ్గరికి బయల్దేరింది. అక్కదీ డీటీపీయే, ఇద్దరూ కలిసే నేర్చుకున్నారు. బస్సులో తొమ్మిది గంటల దూరం. బస్సు కదలకముందే వెళ్ళి రెక్క పట్టుకుని లాక్కొచ్చాడు.

"ఇంకోసారి గడప దాటావో, కాళ్ళు విరగ్గొడతా."

అన్నంత పనీ చేసే రకం. ఆ సంగతి ఆమె ఎడమ మణికట్టుకి బాగా తెలుసు. అది ఇప్పటికీ పూర్తిగా తిరగదు.

అప్పట్నుంచీ ఆమె చేతిలో ఉన్నది ఒక బొత్తాల ఫోన్. రోజుకి పదిసార్లు చేసేవాడు.

"ఎక్కడున్నావ్?"

"వంటింట్లోనేనండీ."

"ఏదీ, మిక్సీ వేసి వినిపించు."

ఖాళీ జార్ గీమంటూ తిరిగేది. అప్పుడుగానీ ఫోన్ పెట్టేవాడు కాదు.

కొత్త కంప్యూటర్ వచ్చాక ఆ బాధ తప్పింది. పది రోజులు ఉన్న ఊళ్ళోనే తిరుగుతూ పరీక్షించాడు. ఫోన్ తీస్తే చాలు, అక్షరాలు చకచకా పడుతుంటాయి. పేజీ అయ్యాక ఒక్క నిమిషం ఆగుతుంది, మణికట్టు నొక్కుకోవడానికి. మళ్ళీ మొదలు. ఆ ఆగడం కూడా అతనికి కంఠతా వచ్చేసింది.

పదకొండో రోజు సాయంత్రం ధైర్యం చేసి టూరుకి రైలెక్కాడు. రాత్రంతా సిగ్నల్ అందక గిలగిల్లాడాడు. పొద్దున్నే దిగీ దిగగానే ఫోన్ తీశాడు. అక్షరాలు పడుతున్నాయి. హమ్మయ్య!

ఆ రాత్రి ఫోన్ చేసి, అలవాటు కొద్దీ మిక్సీ అడిగాడు. వినిపించింది. జార్‌లో ఏదో ఉన్నట్టుంది, చప్పుడు కాస్త మెత్తగా ఉంది. ఒక్కదానికీ వంటలు కూడానా అనుకున్నాడు.

మర్నాడు మధ్యాహ్నం ఎదురింటి పిన్నిగారు ఫోన్ చేసింది.

"బాబూ, మీ ఆవిడ ఊళ్ళో లేదా? కొరియరతను రెండుసార్లొచ్చి తలుపు బాది బాది వెళ్ళాడు. నేనూ పిలిచాను. ఉలుకూ పలుకూ లేదు."

అతను ఫోన్ చెవి దగ్గర్నుంచి తీసి చూశాడు. టైపు సాగుతూనే ఉంది.

"ఇంట్లోనే ఉందండీ. పనిచేసుకుంటోంది."

"మరి తలుపు తియ్యదేం?"

ఆ మాట అతని బుర్రని పురుగులా తొలిచేసింది. అవును, తియ్యదేం? లోపల ఇంకెవరున్నారు?

టూరు గాలికొదిలేసి దొరికిన రైలెక్కాడు. ఆమెకి ఫోన్ చెయ్యలేదు. చేస్తే జాగ్రత్త పడిపోతుంది.

మర్నాడు పదింటికి వీధి మలుపులో ఆటో దిగాడు. ఫోన్ చూశాడు. అప్పటికే టైపు మొదలైంది. పారిపోలేదు, దొరికింది. చొక్కా చేతులు పైకి మడుచుకుంటూ మెట్లెక్కాడు. సరిగ్గా తలుపు దగ్గరికొచ్చేసరికి పేజీ అయిపోయి టైపు ఆగింది.

"నొక్కుకో, నొక్కుకో," అని పళ్ళు నూరాడు. "ఇవాళ రెండో చెయ్యి కూడా నొక్కుకుందువుగాని."

చప్పుడు కాకుండా తాళంచెవి తిప్పి, ఒక్క తోపు తోశాడు.

కుర్చీ ఖాళీగా ఉంది, కీబోర్డు మీద కప్పిన తువ్వాలు మడత కూడా చెదరలేదు, తెర మీద మాత్రం, తొమ్మిది గంటల దూరంలో అక్క ఇంట్లో అక్క కంప్యూటర్ ముందు కూర్చుని ఆమె మొదలుపెట్టిన కొత్త పేజీ అక్షరం వెంట అక్షరంగా పడుతోంది.