కింది కంప్యూటర్లో ఒక కాపీ

సుమన అన్నిటికన్నా ఎక్కువ భయపడేది ఒక్కదానికే.

మూడేళ్ల పాపకు ఫిట్స్ వస్తాయని గద్వాలలో ఎవరికైనా తెలిసిపోతుందేమోనని.

ఆ సంగతి ఆమెకు, భర్త నిరంజన్‌కు, అత్త బుజ్జమ్మకు తప్ప ఊళ్లో ఇంకెవరికీ తెలియదు.

ఎలా వస్తున్నాయో చూపించమని కర్నూలు డాక్టరు అంటే, ఒకసారి ఫిట్స్ వచ్చినప్పుడు నిరంజన్ వీడియో తీశాడు. దాన్ని మేడ మీది కంప్యూటర్లో దాచారు.

కింద నిరంజన్ ఫొటో స్టూడియో. అక్కడ ఇంకో కంప్యూటర్.

దీంట్లో ఫైళ్లు దాంట్లో తెరుచుకునేలా రెండింటినీ కలపడానికి, 2007 వానాకాలంలో కంప్యూటర్లు బాగుచేసే ఉవైస్ వచ్చాడు.

చేతిలో నీలం వైరు చుట్ట. మొలకు తుప్పు పట్టిన తాళంచెవుల గుత్తి.

బుజ్జమ్మ ఊరుకోలేదు. "గివన్ని ఏ బీరువాలయి బిడ్డా? ఖజానా గిట్ల ఉన్నదా ఏంది?"

"ఏ తాళానివీ కావమ్మా," నవ్వాడు ఉవైస్. "మా అమ్మీ కట్టింది. ఇప్పితే కొడ్తది."

తాళం లేని తాళంచెవులు దొంగల దగ్గరే ఉంటాయనుకుంది సుమన.

సాయంత్రం టీ ఇద్దామని కిందికి దిగింది.

స్టూడియో కంప్యూటర్ తెర మీద ఆమె పాప గిలగిలా కొట్టుకుంటోంది.

ఉవైస్ చేతిగడియారం చూసుకుంటున్నాడు. వీడియో అయిపోగానే కీబోర్డు మీద ఏదో కొట్టి, మళ్లీ మొదటి నుంచి పెట్టాడు.

"తమాషా చూస్తున్నవా?"

అతను ఉలిక్కిపడి లేచాడు. "కాదు చెల్లె! మేడ మీది ఫైలు కింద తెరుచుకుంటదో లేదో చూస్తుంటే కనబడ్డది. బయటోళ్లు తెరవరాదు, నిరంజనన్నకు చెప్పి పాస్‌వర్డు పెట్టిన. జర విను..."

"నువ్వు చూసింది చాలదా? రేపు బజారంత చెప్తవు. నడువు!"

ఆమె వైరు పీకేసింది.

అతను తల వంచుకుని వెళ్లిపోయాడు. టీ అట్లాగే చల్లారింది.

పదిహేను రోజులకు పిడుగు పడి మేడ మీది కంప్యూటర్ కాలిపోయింది. కెమెరాలోది పెళ్లి ఫొటోల కోసం ఎప్పుడో తుడిచేశారు. మరునాడే డాక్టరు దగ్గరికి పోవాలి.

"అంత పాయె," అని కూలబడింది సుమన.

కింది నుంచి నిరంజన్ కేకేశాడు. "సుమనా! గీడ ఉవైస్ ఒక కాపీ పెట్టిపోయిండే!"

వీడియో పక్కనే, ఇంగ్లిషు అక్షరాల్లో తెలుగు చీటీ ఒకటి.

కర్నూలులో డాక్టరు దాన్ని పైకి చదివాడు.

"ఎడమ చెయ్యి మొదలు. రెండు నిమిషాల పది సెకన్లు. అవ్వ పాప చేతిల తాళంచెవులు పెడ్తున్నది. ఇనుముతోని ఆగదు చెల్లె, నాకెరుక. పక్కకు తిప్పి పండవెట్టు."

డాక్టరు తలెత్తాడు. "నాకు కావలసిందంతా ఇందులో ఉంది. మందు మారుస్తాను. ఎవరు రాశారమ్మా ఇది?"

సుమన ఆ చీటీని మళ్లీ మొదటి నుంచి చదువుకుంది.

పాపకు నాలుగు నెలలుగా ఫిట్స్ లేవు. ఉవైస్ కోసం వెళితే గది ఖాళీ. ఎటు పోయాడో ఎవరికీ తెలియదు.

వనపర్తిలోనో, నాగర్‌కర్నూల్‌లోనో, మొలకు తాళంచెవులు కట్టుకున్న మనిషి దారిలో పడి కొట్టుకుంటూ కనిపిస్తే, ఆ గుత్తి అతని చేతిలో పెట్టకండి, పక్కకు తిప్పి పడుకోబెట్టి, లేచేదాకా దగ్గరుండి, "ఉవైస్ అన్నా, పానం మంచిగున్నదా?" అని సుమన అడిగిందని చెప్పండి.