ఒడ్డుకొచ్చిన దేవుడు

"దణ్ణం పెట్టుకోండి దొరగారూ, ఎబిసు సామి ఒడ్డుకొచ్చాడు!" సెతో సముద్రం ఇసుకలోకి విసిరేసిన కొమ్ముల ఇనపగుండు మీద నైవేద్యంగా సాకే సారా పోయబోయింది షిగే.

రేవు అధికారి నిషివాకి అల్లంత దూరంలోనే ఆగిపోయాడు. "వద్దమ్మా! పిచ్చా నీకు? దేవుడేంటి?"

"కొట్టుకొచ్చిందేదైనా మా జాలర్లకి దేవుడే కదండీ."

"అది మందుపాతర! యుద్ధంలో నీళ్ళలో వదిలింది!"

"అదేంటండీ! 'యుద్ధం అయిపోయింది, మందుపాతరలన్నీ ఏరిపారేశాం, మీ ఆయన పడవ గాలివానకే మునిగింది' అని మొన్న తమరేగా సెలవిచ్చారు?" షిగే గిన్నె చాపింది. "రండి, మీ చేత్తో రెండు చుక్కలు పొయ్యండి."

టోపీ కిందపడ్డా ఆగకుండా నిషివాకి పరుగు లంకించుకున్నాడు.

షిగే సాకే తనే తాగేసింది. "దేవుడు కాదన్నమాట. అయితే ఆ రోజు గాలివానా కాదు."