కప్పు మీది డ్రమ్ము

మా లంకలో ఏడాదికి ఎనిమిది నెలలు గోదావరి నీళ్లే. అందుకే ప్రతి ఇంటికీ నిలువెత్తు చక్రాల బండి, దాని కప్పు మీద మంచినీళ్ల డ్రమ్ము. బురద అంటకూడదని అందరూ అక్కడే పెడతారు. బడి బండికీ అలాగే ఉండేది. నిరుడు గట్టు మలుపులో డ్రమ్ములోని నీళ్లు ఒక పక్కకు ఊగి బండి దొర్లిపోయింది. పిల్లల్ని తేవడానికి వెళ్తున్న మా వారు ఒక్కరే ఉన్నారు అందులో. అంతకుమించి రాయలేను.

మా అమ్మాయి సుభాషిణి మెకానిక్. అదే బండిని బాగుచేసింది. డ్రమ్మును ఇరుసుల మధ్యకు దించింది, చక్రాలను రెండు పక్కలా జానెడు ఎడంగా జరిపింది. ఇసుక బస్తాలు వేసి నెల రోజులు తిప్పి చూసింది.

"ఏంటమ్మాయ్, కాళ్లు చాపుకున్న గేదెలా ఉంది!" అన్నాడు పొరుగింటి పల్లపురాజు.

"గేదె గట్టు మీంచి దొర్లడం ఎప్పుడన్నా చూశావా బాబాయ్?" అంది.

బడి పంతులమ్మను, నేనూ ఎక్కుతానన్నాకే తల్లులు పిల్లల్ని పంపారు. ఈ ఉదయం మలుపు దగ్గర బండిలోని హెచ్చరిక పెట్టె తన అలవాటు గొంతుతో, "వాలు ఎక్కువగా ఉంది, జాగ్రత్త" అంది. పిల్లలు మాటలాపి నా వైపు చూశారు. మా అమ్మాయి స్టీరింగు పట్టుకుని దారినే చూస్తోంది. బండి కాస్త ఒరిగింది, నిలదొక్కుకుంది, దాటింది.

బడి దగ్గర పల్లపురాజు తన బండితో కాచుకుని ఉన్నాడు. "మా డ్రమ్మూ కిందికి దింపిపెట్టమ్మా."

"నీ ముందు ఆరుగురున్నారు బాబాయ్."

దిగబోతుంటే గమనించాను. మలుపులో నేను కమ్మీ పట్టుకోలేదు. హాజరు పుస్తకం మీద రెండు చేతులూ పెట్టుకుని, పాఠానికి వెళ్తున్నట్టే కూర్చున్నాను.